తెరమీది పాఠభేదములు: ఒక యుద్ధచిత్రపు గృహప్రతులు, వాని సమీక్షలు

ఒక కావ్యమునకు రెండు మూడు ప్రతులు దొరకినపుడు పరిష్కర్త మొదట విచారించునది పాఠమును గూర్చి. ఏ ప్రతి యే పాఠమును వహించుచున్నది, అందేది ఎవరిచేత ఎప్పుడు చేర్చబడినది, ఏది తొలగింపబడినది అను ప్రశ్నలు తీరిన పిమ్మటనే ఆతడు తక్కిన విషయములకు పోవును. చలనచిత్రములు ఇంటిలో చూచుకొనుటకు వీలుగ డిస్కులమీద వెలువడసాగిన నాటినుండి వానికిని ఇట్టి పాఠభేదములు ఏర్పడినవి. కాని ఆ డిస్కులను గూర్చి వెలువడు సమీక్షలలో ఈ విచారణ అరుదు. బొమ్మ ఎంత తేటగ నున్నది, ధ్వని ఎంత గంభీరముగ నున్నది, అదనపు విశేషములు ఏవేవి చేర్చబడినవి అను మూడంశములకు మార్కులు వేయుటతో సమీక్ష ముగియును. పాత్రలు పలికిన మాట గృహప్రతిలో ఏమైనదో అడుగు నాథుడు లేడు.

యుద్ధచిత్రముల విషయమున ఈ లోపము చిన్నది కాదు. యుద్ధచిత్రమును చూచువాడు చాలతఱచుగ తనకు రాని భాషను మాటలాడు మనుష్యులను చూచుచుండును. వారు ఒకప్పుడు ఆతని జాతికి శత్రువులై యుండవచ్చును. ఆ శత్రువు నోటిమాట ఏ రూపమున తన చెవికి చేరునో, దానిని బట్టియే ఆతనిని తనవంటి మనుష్యునిగ నెంచుటయు, ఎంచకుండుటయు జరుగును. కనుక ఇట్టి చిత్రముల గృహప్రతులను సమీక్షించుట యంత్రజ్ఞులకు మాత్రమే వదలవలసిన పని కాదనియు, భాషాశాస్త్రజ్ఞులును, పాఠపరిష్కర్తలును, అనువాదకులును దానిలో పాలు పంచుకొనవలెననియు నా అభిప్రాయము. ఈ అభిప్రాయమును ఒక్క ఉదాహరణముతో నిరూపింప యత్నించెదను. ఆ ఉదాహరణము జర్మను చిత్రమైన 'డాస్ బోట్'.

ఈ చిత్రమునకు మూలము లోతార్ గున్తర్ బుక్‌హైమ్ 1973లో ప్రకటించిన నవల. ఆయన 1941లో యుద్ధవార్తాహరుడుగ యు-96 అను జలాంతర్గామిలో ప్రయాణము చేసినవాడు. ఆ అనుభవమే నవలకు ఆధారము. వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ దర్శకత్వమున చిత్రము 1981లో పశ్చిమ జర్మనీలో విడుదలయ్యెను. నాయకుడైన కెప్టెనుగ యూర్గెన్ ప్రోక్నో నటించెను. ఛాయాగ్రహణము యోస్ట్ వకానో నిర్వహించెను. అమెరికాలో దీనికి ఆరు ఆస్కారు బహుమతులకు ప్రతిపాదనలు లభించినవి. ఇంతవరకు అందఱు నెఱిగినదే. పరిశోధకునకు ఆసక్తి కలిగించునది ఆ తరువాతి చరిత్రము.

1981 నాటి ప్రదర్శనప్రతి సుమారు 149 నిమిషములది. కాని ఈ చిత్రము మొదటినుండియు థియేటరుకును, టెలివిజనుకును కూడ ఉద్దేశింపబడినది. 1984లో బి.బి.సి. దానిని ఆరు భాగములుగ ప్రసారము చేసెను. 1985లో జర్మను టెలివిజను మూడు భాగములుగ ప్రసారము చేసెను. ఈ దీర్ఘపాఠము ఇంచుమించు 300 నిమిషములకు వచ్చును. 1997లో దర్శకుడే పూనుకొని, ధ్వనిని క్రొత్తగ కూర్పించి, 209 నిమిషముల మఱియొక పాఠమును సిద్ధము చేసెను. డిస్కులమీద లోకమున విశేషముగ వ్యాపించినది ఇదియే. 2004లో టెలివిజను పాఠము డిస్కులుగ అమెరికాకు చేరినది. 2018లో జర్మనీలో పాఠములన్నింటిని ఒకచోట చేర్చిన సంపుటి వెలువడినది. అదే సంవత్సరమున అదే పేరుతో వేఱొక టెలివిజను ధారావాహిక ప్రారంభమగుటచే, నేడు ఎవరైన 'డాస్ బోట్ చూచితిని' అన్నచో వారు దేనిని చూచిరో చెప్పుట కష్టమైనది.

ఈ ప్రతులు వెలువడిన ప్రతిసారియు చూపఱులలోను, సమీక్షకులలోను వాదములు రేగినవి. అందు మొదటిది నిడివిని గూర్చినది. పొట్టి పాఠమున బిగువు కలదనియు, దీర్ఘపాఠము సాగదీసినట్లున్నదనియు ఒక పక్షము. దీర్ఘపాఠమే నవలకు సన్నిహితమనియు, పొట్టిది దానికి కుదింపనియు రెండవ పక్షము. దర్శకుడు స్వయముగ కూర్చినది గనుక 1997 పాఠమే ప్రమాణమని మూడవ పక్షము. ఈ మూడు వాదములను వినినపుడు పాఠపరిశోధన చేయువారికి చిరపరిచితమైన తగవే స్మృతికి వచ్చును. పూనాలోని భండార్కర్ సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ముద్రణమునందు సంపాదకులు ఎదుర్కొన్నది ఇట్టి ప్రశ్ననే. ఔత్తరాహ పాఠమా, దాక్షిణాత్య పాఠమా? లఘువు ప్రాచీనమా, గురువు సంపూర్ణమా? వారు ఒక పాఠమును నిర్ణయించియు, తక్కిన పాఠభేదములను పుటల యడుగున నిలిపిరి. నిర్ణయముతో ఏకీభవింపనివాడును సాక్ష్యమును పరిశీలించుకొనుటకు అందు వీలు కలదు.

చలనచిత్రమునకు సంబంధించి ఒక భేదము చెప్పవలసి యున్నది. భారతమునకు మూలకర్త స్వహస్తప్రతి మనకు లేదు. ఇచ్చట కర్త సజీవుడై యుండగనే మూడు పాఠములు వెలసినవి. 2022లో మరణించిన పీటర్సన్ తన చిత్రమును దాదాపు పదునాఱేండ్లకు తిరిగి కూర్చినాడు. కవి తన గ్రంథమునకు ద్వితీయ ముద్రణమున మార్పులు చేసినట్టిది ఈ పని. కడపటి కర్తృసమ్మతియే ప్రమాణమను సూత్రము ననుసరించినచో 1997 పాఠము నిలుచును. కాని 1981లో పశ్చిమ జర్మను ప్రజలు యుద్ధస్మృతులతో తలపడిన తీరును అధ్యయనము చేయగోరువానికి ఆ పాఠము పనికిరాదు. ఆతనికి 1981 నాటి ప్రతియే సాక్ష్యము. ఇక మాటల తీరును పరిశీలించువానికి దీర్ఘపాఠమే నిధి. ఏలయన పొట్టి పాఠమున పోరు ఘట్టములు దట్టముగ నిలువగా, దీర్ఘపాఠమున పనిలేని దినములు, నావికుల ముచ్చట్లు, మోటుహాస్యములు, విసుగు, ఎదురుచూపు అధికముగ కలవు. ఈ ప్రయోజనభేదమును పాఠకునకు తెలుపకయే ఒక ప్రతికి మార్కులు వేయుట పాఠమును చదువక అట్టకు మార్కులు వేయుటయే.

రెండవ వాదము బొమ్మను గూర్చినది. జలాంతర్గామి లోపలి భాగమును మ్యూనిచ్ సమీపపు బవేరియా స్టూడియోలో నిజపరిమాణమున నిర్మించి, ఆ ఇరుకులో చేతపట్టిన కెమెరాతో వకానో చిత్రీకరించెను. కావున తెరపై చీకటి, నలక, వణకు సహజములు. క్రొత్త ప్రతులలో ఈ నలక తొలగలేదని కొందఱు ఫిర్యాదు చేయుదురు. తొలగించినచో ముఖములు మైనపుబొమ్మలవలె నగునని మఱికొందఱు వాదింతురు. ఈ విషయమున నేను రెండవవారి పక్షమే. తాటాకులోని రంధ్రములను పూరించి చదువుట వేఱు, గంటపు గీతలనే చెఱిపి నునుపు చేయుట వేఱు. అయినను ఈ వాదమునకు చాలినంత మంది వాదులు కలరు గనుక దీనిపై ఇంతకంటె విస్తరింపను.

మూడవది భాషను గూర్చినది. మనకు ముఖ్యమైనదియు ఇదియే. ఇంగ్లీషు మాటలాడు దేశములలో ఈ చిత్రము రెండు విధముల చేరినది: జర్మను మాటలు వినిపించుచు తెర యడుగున ఇంగ్లీషు ఉపశీర్షికలతో నొకటి, ఇంగ్లీషు డబ్బింగుతో నొకటి. నటులలో చాలమంది ఇంగ్లీషు ఎఱిగినవారగుటచే తమ పాత్రలకు తామే ఇంగ్లీషున గొంతునిచ్చిరి. ఈ కారణముచేత ఇది తక్కిన డబ్బింగుల వంటిది కాదనియు, నటుడే అనువదించుకొన్నట్టిదనియు కొందఱు సమీక్షకులు దానిని సమర్థింతురు. ఆ వాదమున సత్యము లేకపోలేదు, గొంతు నిలిచినది. కాని నిలిచినది గొంతు మాత్రమే.

ఒక్క సన్నివేశము చాలును. నావికులు జలాంతర్గామిలో గ్రామఫోను రికార్డు పెట్టి 'టిప్పరరీ' పాటను గొంతు కలిపి పాడుదురు. అది బ్రిటిషు సైనికుల పాట, అనగా వారి శత్రువుల పాట. చుట్టును జర్మను వినబడుచుండగా ఇంగ్లీషు పాట లేచినపుడు, రెండు భాషల నడుమ గల ఆ యెడమే సన్నివేశమునకు అర్థము నిచ్చును. ఇంగ్లీషు డబ్బింగున అందఱును మొదటినుండి ఇంగ్లీషే మాటలాడుచుందురు, పాటయు ఇంగ్లీషే. శత్రువు పాట శత్రువు పాటగ చెవికి తగులుట మానును. ఒక్క మాటకైనను తప్పు అనువాదము లేకున్నను అర్థము తప్పిపోయినది. బొమ్మకును, ధ్వనికిని మార్కులు వేయు సమీక్షాపద్ధతి ఈ నష్టమును పట్టుకొనజాలదు.

ఉపశీర్షికల మార్గమును నిర్దోషము కాదు. ఈ చిత్రమునకు నటులను జర్మనీ, ఆస్ట్రియా దేశముల వివిధ ప్రాంతములనుండి ఎన్నుకొనిరి. వారి వారి మాండలికములు మాటలలో వినబడును. దేశపు నలుమూలల కుఱ్ఱలను ఒక ఇనుపగొట్టములో కుదించిన యుద్ధస్వభావము ఆ మాండలికముల కలగాపులగముననే తెలియును. ఉపశీర్షికలలో అందఱిది ఒకే ఇంగ్లీషు. శ్రీకాకుళపు వాడును, కర్నూలు వాడును, కరీంనగరపు వాడును ఒకే ఓడలో నుండగా వారి మువ్వురి మాటలను ఒకే పాఠ్యపుస్తకపు తెలుగున వ్రాసినచో ఏమి పోవునో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

సంబోధనల విషయము ఇంకను సూక్ష్మము. కెప్టెనును నావికులు తమలో తాము 'డేర్ ఆల్టె' అందురు. 'ముసలాయన' అని పదమున కర్థము. ఆయనకు ముప్పది యేండ్లే. తన సిబ్బందిలో అధికులు పసివాండ్రని ఆయనయే విచారపడును. ముప్పది యేండ్లవాడు ముసలివాడుగ చెల్లుచోట తక్కినవారి వయసెంతయో ఊహించుకొనవచ్చును. దీనిని తెలుగున 'పెద్దాయన' అన్నచో మన్నన నిలుచును, ఆ చేదు పోవును. 'ముసలాయన' అన్నచో చేదు నిలుచును, మన్నన కొంత తగ్గును. నేను రెండవదానినే కోరుదును. సిబ్బంది ఆయనయెడ చూపు గౌరవము తక్కిన మాటలలో ఎట్లును తెలియును గదా. ఎదుట నిలిచి పిలుచునపుడు మాత్రము వారు 'హేర్ కలాయిన్' అందురు. హోదాపేరును నావికుల వాడుకలో కుదించిన రూపమది. చాటున ఒక పేరు, ఎదుట ఒక పేరు. తెలుగు పల్లెలో పెద్దకాపునకును, బడిపంతులునకును ఉండు రెండు పేర్ల వంటివే యివి.

ఇచ్చట మనకొక ప్రత్యేకమైన లాభము కలదు. దానిని మనము చేజేతుల పోగొట్టుకొనుచున్నాము. జర్మను భాషలో మధ్యమపురుషకు 'దు' అనియు, 'జీ' అనియు రెండు సర్వనామములు కలవు. తెలుగున 'నీవు', 'మీరు' కలవు. నడుమనున్న ఇంగ్లీషున ఒక్కటే కలదు. విదేశచిత్రములను తెలుగులోనికి తెచ్చుటలో ఇంగ్లీషు ఉపశీర్షికలను ఆధారముగ గొను వాడుక బలముగ నున్నది. ఈ త్రోవన వచ్చినచో జర్మనున స్పష్టముగ నున్న భేదము ఇంగ్లీషున మాసిపోయి, తెలుగు అనువాదకుడు దానిని తిరిగి ఊహించుకొనవలసి వచ్చును. చనవుచోట మర్యాదయు, మర్యాదచోట చనవును దొర్లును. సూటిగ వచ్చినచో నష్టము లేకుండ వచ్చు ధనమును చుట్టుత్రోవన తెచ్చి దారిలో పాఱవేసికొనుట యిది. జపాను, కొరియా చిత్రముల విషయమునను ఇదే స్థితి. ఆ భాషలలోని మర్యాదాభేదములు ఇంగ్లీషునకంటె మన భాషలలోనే సులభముగ ఒదుగును.

ఉపశీర్షికకు స్థలము చాలదను సమాధానము ఒకటి కలదు. అది కొంతవరకు నిజమే. ఇంగ్లీషున ఒక్కొక్క వరుసకు ఇంచుమించు నలువది అక్షరములు, ఒకసారికి రెండు వరుసలు, తెరపై నిలుచుకాలము కొన్ని క్షణములు: ఇది వాడుక. ఇంతలో మాండలికమును, సంబోధనను, ఛలోక్తిని అన్నిటిని ఇముడ్చుట అసాధ్యము. తెలుగు లిపికి ఒత్తులు, గుణింతములు కలుగుటచే వరుసల నడుమ ఎక్కువ యెడము కావలెను. ఆ చిక్కును మఱువరాదు. కాని డిస్కుపై చోటు లేదనుట మాత్రము సరికాదు. డి.వి.డి. నిర్మాణసూత్రము ననుసరించి ఒక చిత్రమునకు ఎనిమిది వఱకు శబ్దపంక్తులను, ముప్పదిరెండు వఱకు ఉపశీర్షికాపంక్తులను చేర్చవచ్చును. ఒకే భాషలో క్లుప్తమైన పంక్తి యొకటి, వివరణసహితమైన పంక్తి యొకటి చేర్చుటకు అడ్డము లేదు. మూలమును, టీకను ఒకే పుటపై నిలుపుకొన్న సంప్రదాయము మనది. వ్యాఖ్యాతలకు తావు గలిగిన ఈ వాహనమును వ్యాపారులు ప్రచారచిత్రములతోనే నింపుట చింతింపదగినది.

నాలుగవ వాదము నీతిని గూర్చినది. హిట్లరు నౌకాదళమునకు చెందినవారియెడ ప్రేక్షకునకు సానుభూతి కలిగించుట తగునా? చిత్రారంభమున ఒక ప్రకటన కనబడును: జలాంతర్గాములలో పనిచేసిన 40,000 మంది జర్మను నావికులలో 30,000 మంది తిరిగి రాలేదని. లాస్ ఏంజెలెస్‌లో తొలి ప్రదర్శనమునాడు ఈ అంకె కనబడగనే ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరనియు, చిత్రము ముగియునప్పటికి వారే లేచి నిలిచి అభినందించిరనియు పీటర్సన్ చెప్పుచుండెడివాడు. ఈ మార్పును చిత్రపు విజయముగ పలువురు పేర్కొందురు. మూలకర్త బుక్‌హైమ్ మాత్రము తృప్తి చెందలేదు. నటనలోని అతిశయమును, పోరాటపు ఉద్రేకము యుద్ధవిముఖతను కప్పివేయుటను ఆయన బహిరంగముగ ఖండించెను.

ఈ రెండభిప్రాయములును పాఠమును బట్టి, భాషను బట్టి బలహీనమో బలవత్తరమో యగును. బుక్‌హైమ్ ఆక్షేపణ పోరుఘట్టములు దట్టముగ గల పొట్టి పాఠమునకు తగిలినంతగ దీర్ఘపాఠమునకు తగులదని నా నమ్మకము. అట్లే లాస్ ఏంజెలెస్ ప్రేక్షకులు పొందిన మార్పు శత్రువు భాషను శత్రువు భాషగ వినుచు పొందినప్పుడే విలువ గలది. పరాయివాడు పరాయివాడుగ నుండియే మనకు ఆప్తుడగుట వేఱు. మన భాషను తొడిగి మనవానిగ చేసికొనుట వేఱు. మొదటిది సానుభూతి, రెండవది సౌకర్యము. ఆ గృహప్రతులను సమీక్షించువాడు ఈ భేదమును చెప్పనిచో, నీతిని గూర్చిన వాదమంతయు ఆధారము లేనిదగును.

సామాన్యప్రేక్షకునకు ఇంత విచారణ ఏల యని అడుగవచ్చును. దినమంతయు పాటుపడి యింటికి వచ్చినవాడు పాఠభేదములను లెక్కించుచు చిత్రము చూడడు. నిజమే. భారతము వినువాడును అధఃసూచికలను చదువడు. కాని ఆతనికి అందు పాఠము శ్రద్ధతో నిర్ణయింపబడినదై యుండుట ఆతని హక్కు. పైగా డిస్కుల వాడుక తగ్గి ఇంటర్నెట్ వేదికలమీద చిత్రములు చూచు అలవాటు బలపడినకొలది ఈ బాధ్యత హెచ్చినది. డిస్కు అట్టపై నిడివియైనను ముద్రింపబడును. అది కొన్నవాని చేతిలో నిలుచును. వేదికమీది ప్రతిని నేడు నిలిపి రేపు మార్చినను చూపఱికి తెలియదు.

ఈ విచారణ మనకు దూరపుది కాదు. 1971 డిసెంబరు ఆరంభమున పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నము తీరమునకు వెలుపల మునిగినది. అందలి వారెవరును బ్రదుకలేదు. భారత నౌకాదళము తన రాజ్‌పుత్ నౌక చేసిన దాడివలన అది మునిగినదని చెప్పగా, పాకిస్థాను దానిని ప్రమాదముగ చెప్పినది. ఒకే మునకకు రెండు చరిత్రపాఠములు. ఆ సంఘటన ఆధారముగ సంకల్ప్ రెడ్డి దర్శకత్వమున 2017లో వచ్చిన 'ఘాజీ' తెలుగునను, హిందీనను ఏకకాలమున నిర్మింపబడినది. దేశపు నానాప్రాంతములవారు చేరు జలాంతర్గామిలో సిబ్బంది తెలుగు మాటలాడుట ఒక సంకేతము. హిందీ మాటలాడుట మఱియొక సంకేతము. ఇందు ఏది మూలము, ఏది అనువాదము? రెండును మూలములే యైనచో వాని భేదములను వరుసగ పట్టికవేసి చూపిన పరిశోధన యొక్కటి మన విభాగములనుండి రావలదా?

కనుక నా సూచనలు మూడు. మొదటిది: చిత్రమును ఉదాహరించు పరిశోధనవ్యాసములలో దర్శకుని పేరు, సంవత్సరముతో పాటు ఏ పాఠము, ఎన్ని నిమిషములది, ఏ భాషాపంక్తి యను వివరములు తప్పక చేర్చవలెను. రెండవది: విశ్వవిద్యాలయముల అనువాదశాఖలలో ఉపశీర్షికారచనను అభ్యాసాంశముగ చేర్చి, మూలభాష నెఱిగినవారితో కూడి తెలుగు పంక్తులను సిద్ధపఱచు పద్ధతిని నేర్పవలెను. మూడవది: భాషాపత్రికలు గృహప్రతుల సమీక్షకు కొన్ని పుటలు కేటాయించి, అందు పాఠమును, అనువాదమును ప్రధానాంశములుగ నుంచవలెను. వీనిలో దేనికిని అధికవ్యయము లేదు, కావలసినది శ్రద్ధ.

తాళపత్రములు పురుగులపాలు కాకుండ కాపాడిన పండితుల శ్రమఫలమును అనుభవించుచున్నవారము మనము. నేటి ప్రతులను పురుగులు తినవు. వినియోగదారునకు తెలియకుండ మారిపోవును. ముప్పదివేల మంది నావికుల మరణమును చెప్పు చిత్రమునందు వారి మాటలు ఏవో, మనము వేసిన మాటలు ఏవో గుర్తించి చెప్పగలవారు కావలెను. ఆ పని యెఱిగినవారు భాషాశాఖలలోనే కలరు.